కరవు కాలపు నల్లగీత

1943 నవంబరు నెలలో చిత్తప్రసాద్ భట్టాచార్య అనే ఇరవై ఎనిమిదేళ్ల చిత్రకారుడు బెంగాలులోని మిడ్నపూర్ జిల్లా పల్లెలలో కాలినడకన తిరిగారు. ఆయన వెంట ఉన్న సామగ్రి స్వల్పం: కాగితాలు, సిరా, కలం, కుంచె. అంతకు ఏడాది ముందు, 1942 అక్టోబరులో వచ్చిన పెనుతుపాను ఆ జిల్లాను నేలమట్టం చేసింది. దాని వెనుకనే కరవు వచ్చింది. ఆకలికి నేలకూలిన మనుషులను, పాడుపడిన ఇళ్లను, కుక్కలూ కాకులూ కాచుకొని ఉన్న దారులను చిత్తప్రసాద్ చూచినచోటనే గీశారు. గీసిన బొమ్మలతోపాటు ఆ మనుషుల పేర్లు, ఊళ్లు, వారి కథలు రాసుకొన్నారు. ఆ బొమ్మలనూ ప్రయాణ కథనాన్నీ కలిపి 'హంగ్రీ బెంగాల్' అనే చిన్న పుస్తకంగా అచ్చువేస్తే బ్రిటిషు ప్రభుత్వం దాని ప్రతులు ఐదువేలనూ స్వాధీనం చేసుకొని నాశనం చేసింది. చిత్రకారుని కుటుంబం మాత్రం ఒక ప్రతిని బ్యాంకు లాకరులో భద్రపరచింది. దాని ఆధారంగా 2011లో ఢిల్లీలోని ఒక చిత్రశాల యథాతథ ముద్రణ వెలువరించేవరకు ఆ పుస్తకం పేరు విన్నవారే గాని, కంట చూచినవారు అరుదు.

ఒక ప్రభుత్వం బొమ్మల పుస్తకానికి ఎందుకు జంకింది? కరవు సంగతి అప్పటికి రహస్యం కాదు. 1943 ఆగస్టు 22న కలకత్తా 'స్టేట్స్‌మన్' పత్రిక వీథులలో పడి ఉన్న అన్నార్తుల ఛాయాచిత్రాలను అచ్చువేసింది. అవి ఇంగ్లండు దాకా, అమెరికా దాకా వెళ్లాయి. ఛాయాచిత్రం తన పని తాను చేసింది. మరి గీత చేసిన పని ఏమిటి? మన దేశంలో నల్లసిరాతో, బొగ్గుతో, ఇటీవలి కాలంలో మార్కరు కలంతో సాగుతూ వచ్చిన ఒక చిత్రరచనా సంప్రదాయాన్ని అర్థం చేసుకోవడానికి ఈ ప్రశ్న మంచి ప్రవేశద్వారం.

కళాచరిత్రకారులు ఈ తరహా గీతను అభివ్యక్తివాదం అనే పేరు కింద చేరుస్తారు. ఆ పేరు జర్మనీది. 1905 జూన్‌లో డ్రెస్డెన్ నగరంలో వాస్తుశాస్త్రం చదువుకొంటున్న నలుగురు విద్యార్థులు – కిర్హ్‌నర్, హెకెల్, ష్మిట్ రోట్లుఫ్, బ్లైల్ – ఒక బృందంగా ఏర్పడి దానికి 'వంతెన' అని అర్థమిచ్చే పేరు పెట్టుకొన్నారు. ఎదుట ఉన్న మనిషిని పావుగంటకు మించి ఒకే భంగిమలో నిలబెట్టకుండా, ఆ పావుగంటలోనే బొమ్మ ముగించడం వారి అభ్యాసం. అంత తక్కువ వ్యవధిలో నీడలు దిద్దడానికి, కొలతలు సరిచూడటానికి వీలుండదు. చేయి తొందరపడుతుంది, గీత మొరటుదేరుతుంది, రూపం వంకర తిరుగుతుంది. ఆ వంకరను వారు దిద్దలేదు. కంటికి కనబడినదానికంటె మనస్సుకు తగిలినది ముఖ్యమన్నారు. అదే కాలంలో బెర్లిన్‌లో శ్రామికవాడలో వైద్యుని భార్యగా కాపురమున్న కేటె కోల్విట్జ్ ఆ బృందంలో చేరకుండా, తన ఇంటి గుమ్మంలోకి వచ్చే తల్లులనూ బిడ్డలనూ బొగ్గుతో గీస్తూ వచ్చారు. నా దృష్టిలో ఆ నలుగురు విద్యార్థులకంటె ఈమెయే మన కథకు దగ్గర చుట్టం.

ఆ చుట్టరికం నేరుగా కలిసినది కాదు. జర్మన్, ఆస్ట్రియన్ ఆధునిక చిత్రకళ మన నేలమీద తొలిసారి కనబడినది 1922 డిసెంబరులో. స్టెల్లా క్రామ్రిష్ పూనికతో బౌహౌస్ పాఠశాల వారి చిత్రాలు – కాండిన్‌స్కీ, క్లే, ఫైనింగర్, ఇట్టెన్ ప్రభృతులవి – కలకత్తాలో ప్రాచ్య కళాసమితి వార్షిక ప్రదర్శనలో చోటుచేసుకొన్నాయి. దీనిని మన ఆధునిక కళకు నాందిగా చెప్పడం ఆచారమైనది. ఆ ప్రదర్శన ఘనతను తగ్గించనక్కరలేదు గాని, కరవు చిత్రకారులకు దాని బాకీ అంతగా లేదు. కోల్విట్జ్ బొమ్మలు వారికి చేరిన దారి వేరు. 1930లలో చైనా రచయిత లూ షున్ ఆమె చిత్రాలను తన దేశపు యువ కళాకారులకు పరిచయం చేశారు. వారు చెక్కమీద చెక్కి అచ్చువేసిన పోరాట చిత్రాలు వామపక్ష పత్రికల ద్వారా బెంగాలు చేరాయి. బెర్లిన్ నుండి షాంఘై మీదుగా చిట్టగాంగు. తూర్పు తిరిగి పడమటి కళను చూచిన ఈ ప్రయాణం మన పాఠ్యగ్రంథాలలో రావలసినంతగా రాలేదు.

దీనికంటె ముందే ఇంటిలోనే ఒక విచిత్రం జరిగింది. రవీంద్రనాథ ఠాకూరు కవితలు రాసేటప్పుడు కొట్టివేసిన పంక్తులను వదిలిపెట్టక, ఆ కొట్టివేతలను ఒకదానితో ఒకటి కలిపి, పక్షులుగా, మృగాలుగా, ముఖాలుగా మలచేవారు. 1924లో అర్జెంటీనాలో విక్టోరియా ఒకాంపో ఆతిథ్యంలో ఉండగా 'పూరబి' రాతప్రతిలో ఈ అలవాటు ముదిరింది. అరవై ఏళ్లు దాటిన తరువాత పట్టుబడిన ఈ వ్యసనం దాదాపు రెండువేలకు పైగా చిత్రాలను కన్నది. ఆయనకు చిత్రకళలో గురువు లేరు, క్రమశిక్షణ లేదు. సిరా, కలం మాత్రం జీవితమంతా చేతిలో ఉన్నవే. కలం పాళీని తిరగవేసి గీసేవారు, వేలితో రుద్దేవారు, గుడ్డపీలికతో అద్దేవారు. రాతసిరా, రంగుసిరా, పూలరసం ఏది అందితే అది ఒకదానిపై ఒకటి పూసేవారు. నేడు మనం మిశ్రమ మాధ్యమమని గంభీరంగా పిలుస్తున్న పద్ధతికి ఆయన బల్లమీది అస్తవ్యస్తతయే తొలి ఉదాహరణ కావచ్చు. చిత్రాలకు ఆయన పేర్లు పెట్టేవారు కారు.

1930 మే నెలలో పారిస్‌లో, మళ్లీ ఒకాంపో చొరవతోనే, ఆ చిత్రాల ప్రదర్శన జరిగింది. ఆ వేసవిలోనే అవి జర్మనీ వెళ్లాయి. బెర్లిన్ జాతీయ చిత్రశాలకు చేరిన ఐదు చిత్రాలను 1937లో నాజీ ప్రభుత్వం 'భ్రష్ట కళ'గా ముద్రవేసి తొలగించింది. కిర్హ్‌నర్, నోల్డె మొదలైనవారి చిత్రాలతోపాటు విశ్వకవి చిత్రాలకూ ఒకే శిక్ష. విమర్శకులు ఎంత వాదించినా తేలని సంగతిని – ఆయన అభివ్యక్తివాదియా, కాదా అన్నదానిని – ఆ ప్రభుత్వం తనకు తెలియకుండానే తేల్చిపెట్టినట్లయింది.

అయితే ఠాకూరు చీకటి లోపలిది. 1943లో చీకటి వీథిలోకి వచ్చింది. బర్మా 1942లో జపానువారి వశం కావడంతో అక్కడి బియ్యం రాక ఆగింది. శత్రువుకు చిక్కకూడదనే పేరుతో తీరప్రాంతపు పడవలను ప్రభుత్వమే తొలగించింది. ధరలు పెరిగాయి, ధాన్యం దాగింది. కరవు నిబంధనావళి ప్రకారం ఇది కరవు అని ప్రకటించడానికి సర్కారు చివరివరకు ఒప్పుకోలేదు. 1945లో విచారణ సంఘం మృతులు 15 లక్షలని అంచనా వేసింది. అమర్త్యసేన్ 1981లో ప్రచురించిన పరిశోధన దానిని దాదాపు రెట్టింపు చేసింది. లెక్కలోనే ఇంత తేడా ఉన్నచోట చిత్తప్రసాద్ రాసుకొన్న పేర్ల విలువ తెలుస్తుంది. సర్కారు 'మృతులు' అంటే ఆయన ఫలానా ఊరి ఫలానా మనిషి అన్నారు. ఛాయాచిత్రంలో అనామకుడుగా మిగిలిన మనిషికి ఇక్కడ ముఖమూ పేరూ రెండూ దక్కాయి. ఆ పుస్తకం మీద కన్నెర్రకు అది ఒక కారణమై ఉంటుందని నేననుకొంటాను.

ఆ కాలపు బొమ్మలన్నిటిలో జనబాహుళ్యానికి ఎక్కువగా తెలిసినవి జైనుల్ ఆబెదీన్‌వి. 1914లో మైమెన్‌సింగ్ ప్రాంతంలో పుట్టి, కలకత్తా ప్రభుత్వ కళాపాఠశాలలో చదివి, అక్కడే అధ్యాపకులైన ఆయన అప్పటిదాకా బ్రహ్మపుత్రా తీరపు నీటిరంగు చిత్రాలకు పేరుపొందినవారు. కరవు నాటి బొమ్మలలో నది లేదు, రంగు లేదు, ఆకాశమైనా లేదు. కాగితం మీద తల్లి ఒకతె ఒరిగి ఉంటుంది, బిడ్డ పాలకు తడుముకొంటూ ఉంటుంది, పక్కన కాకి. చెత్తకుండీలో చేతులుపెట్టి వెతుకుతున్న మనుషులు. నేపథ్యమంటూ ఏదీ ఉండదు, ఉన్నదల్లా కాగితమే.

ఆ కాగితం కూడా చిత్రకారులు వాడేది కాదు, సరుకులు చుట్టే మోటు కాగితం. యుద్ధకాలంలో మంచి కాగితం దొరకడం దుర్లభం, దొరికినా కొనే స్తోమత లేదు. బొగ్గు కాల్చి ఆయన సిరాను తానే తయారు చేసుకొన్నారని జీవితచరిత్రకారులు చెబుతారు. ఆ సిరాను పొడికుంచెతో ఆ మోటు కాగితం మీద లాగితే కుంచె జారదు, గీకుతుంది. గీత మధ్యమధ్య తెగి, వెంట్రుకలు విడిపోయి, కాగితపు గరుకుదనం బయటపడుతుంది. ఎండిన చర్మం కింద పక్కటెముకలు ఎలా కనబడతాయో అలా కనబడుతుంది. నునుపైన కాగితం, తడికుంచె ఉండి ఉంటే ఈ బొమ్మలు ఈ రూపంలో పుట్టేవి కావు. కరవును గీసిన చేతికి ఆయుధాన్ని కరవే అందించింది.

ఇక్కడ మరొక ఇబ్బందిని కూడా ప్రస్తావించాలి. దానిని అచ్చుపని తెలిసినవారే గుర్తిస్తారు. ఆ రోజులలో పత్రికలో బొమ్మ రావాలంటే బ్లాకు కావాలి. బూడిదవన్నె ఛాయలు ఉన్న బొమ్మకు హాఫ్‌టోన్ బ్లాకు చేయించాలి. దానికి ఖర్చు ఎక్కువ, నాసిరకం న్యూస్‌ప్రింటు మీద అది మురికిపట్టినట్లు పడేది. నలుపూ తెలుపూ మాత్రమే ఉన్న గీతబొమ్మకు చవకైన లైన్ బ్లాకు చాలు. బొగ్గుతో వేసిన మెత్తని నీడలు లైన్ బ్లాకులో నిలువవు. కనుక 'పీపుల్స్ వార్' వంటి వారపత్రికకు బొమ్మలు పంపేవారికి నల్లసిరా తప్పనిసరి. చిత్తప్రసాద్ గీతలోని ఆ నిక్కచ్చితనం, ఎక్కడా మధ్యేమార్గం లేకపోవడం ఆయన స్వభావానికి ఎంత చెందినదో, అచ్చు కార్యాలయపు జింకు పలకకూ అంత చెందినది. సౌందర్యశాస్త్రవేత్తలు ఈ మాటకు నొచ్చుకోవచ్చు. కాని పనివారి చరిత్ర ఇలాంటి పలకలమీదనే రాయబడి ఉంటుంది.

జైనుల్ బొమ్మలు 1944లో ఈలా సేన్ రాసిన కరవు కథనంలో చేరి ప్రజలకు అందాయి. దేశవిభజన తరువాత ఆయన ఢాకా వెళ్లి, 1948లో అక్కడ కళాసంస్థను స్థాపించారు. 1970 నవంబరులో తూర్పు బెంగాలు తీరాన్ని తుపాను ముంచెత్తినప్పుడు మన్‌పురా దీవి శవాలను ముప్పై అడుగుల చుట్టకాగితం మీద సిరాతో, నీటిరంగుతో, మైనంతో చిత్రించారు. ఇరవై ఏడేళ్ల తరువాత కూడా విపత్తు ఎదుటపడగానే ఆయన చేయి నల్లసిరానే వెతుక్కొన్నది.

చిత్తప్రసాద్ చేయిపట్టి తీసుకువచ్చినవారు సోమనాథ్ హోర్. చిట్టగాంగు జిల్లాలో 1921లో జన్మించిన ఈయన, 1942 చివర జపాను విమానాలు పటియా గ్రామంపై బాంబులు వేసినప్పుడు ఆ దృశ్యాన్ని గీయడంతో చిత్రకారులయ్యారు. కరవు వచ్చాక చిత్తప్రసాద్ ఆయనను వెంటబెట్టుకొని వీథులలోకి తీసుకుపోయి, ఆకలిగొన్నవారిని ఎదుట కూర్చుని గీయడం నేర్పారు. కలకత్తా కళాపాఠశాలలో చేరిన తరువాత జైనుల్ దగ్గర చదివారు. 1946 డిసెంబరులో ఉత్తర బెంగాలులో కౌలురైతులు పంటలో మూడింట రెండు వంతులు తమకు దక్కాలని సాగించిన తేభాగా ఉద్యమంలోకి పార్టీ ఆయనను పంపింది. రంగపూర్ పల్లెలలో రాసుకొన్న దినచర్యలో మాటా బొమ్మా పక్కపక్కనే నడుస్తాయి. రాత్రివేళ సమావేశాలు, లాంతరు వెలుగులో సగం ముఖాలు, వరికోతలు, లాఠీలు పట్టిన రైతులు. ఇక్కడి మనుషులు కరవు బొమ్మలలోలాగ నేలకు ఒరిగినవారు కారు, నిలబడినవారు. గీత కూడా నిలబడటం నేర్చుకొన్నది.

కాని 1943 ఆయనను వదలలేదు. 1970లలో ఆయన సిరాను సైతం వదిలిపెట్టి, తడి కాగితపు గుజ్జునే అచ్చులో పోసి, తెల్లని పలకలు తీశారు. ఆ తెలుపులో కోతలు, చీరికలు, గుంటలు. అక్కడక్కడ చిన్న ఎర్రచారిక. వాటికి 'గాయాలు' అని పేరు. బొమ్మ గీయడానికి కాగితం ఆధారమన్న భావనే అక్కడ తలకిందులైనది, కాగితమే దేహమైనది. మిశ్రమ మాధ్యమమంటే నాలుగు రకాల రంగులు కలిపి పూయడమని భావించే నేటి విద్యార్థులు ఈ పలకలముందు కొంతసేపు నిలబడటం మంచిది.

విభజన మరొక తరాన్ని ఇదే దారిలోకి నెట్టింది. 1939లో ఫరీద్‌పూర్ జిల్లాలో పుట్టిన జోగేన్ చౌధురి కుటుంబం కలకత్తా శివారులోని శరణార్థి కాలనీకి చేరింది. విద్యుత్తులేని ఇంటిలో లాంతరు కాంతిలో బొమ్మలు వేయడం, సియాల్దా రైలుస్టేషనులో మకాంపెట్టిన శరణార్థులను బొగ్గుతో చిత్రించడం ఆయన విద్యార్థిదశ జ్ఞాపకాలు. లాంతరు వెలుగులో రంగుల తేడా తెలియదు. వెలుగు, చీకటి మాత్రమే తెలుస్తాయి. 1968 నుండి 1972 వరకు ఆయన మద్రాసులో చేనేత డిజైనరుగా పనిచేశారు. సిరాగీతల అల్లిక, పైన పాస్టెల్ పొడి, వెనుక కటికనలుపు – అనంతర కాలంలో ఆయన ముద్రగా మారిన ఈ పద్ధతిలో నేతపని వాసన కొందరికి తోచింది. మనుషుల వొళ్లు వడలిన వంకాయలలాగ ముడుతలుపడి సాగి ఉంటుంది. నవ్వూ జుగుప్సా జాలీ కలగలసిన ఆ వొళ్లలో అభివ్యక్తివాదం కొంత వ్యంగ్యం దిశగా మళ్లింది.

పడమటి తీరంలో ఈ కథ వేరే స్వరంలో నడిచింది. గోవాలో 1924లో జన్మించిన ఫ్రాన్సిస్ న్యూటన్ సౌజాకు కరవుకంటె చర్చి, శరీరం, పాపం అనే మూడింటితో తగవు ఎక్కువ. 1945లో బొంబాయి జె.జె. కళాపాఠశాల నుండి బహిష్కృతులై, 1947లో ప్రోగ్రెసివ్ చిత్రకారుల బృందాన్ని కూడగట్టి, 1949లో లండన్ వెళ్లారు. ఆయన గీసిన తలలలో కళ్లు నుదుటిపైకి ఎక్కి ఉంటాయి, పళ్లు ముళ్లకంచెలా ఉంటాయి, బుగ్గలమీద అడ్డగీతలు కొట్టివేతలలా పడతాయి. 1967లో న్యూయార్కు చేరాక ఆయన కొత్త పని మొదలుపెట్టారు. రంగుల పత్రికల పుటలను తీసుకొని, రసాయనంతో ఆ అచ్చురంగును కరిగించి, తుడిచి, ఆ మరకలమీద తన రాక్షసముఖాలు గీసేవారు. ప్రకటనలలోని సుందరాంగులు ఆయన చేతిలో క్షణంలో కరిగిపోయేవారు. చివరి దశాబ్దాలలో మార్కరు కలం కూడా ఆయన చేతికి అలవాటైనది. రైలులో, గదిలో, ఎక్కడ కూర్చుంటే అక్కడ మూత తీసి గీయడానికి వీలైన సాధనం అసహనం కల మనిషికి నచ్చకపోదు.

మార్కరు గురించి రెండు మాటలు. అమెరికాలో 1950ల తొలినాళ్లలో గాజుసీసాకు ఒత్తుడు ఉన్ని పాళీ బిగించి అమ్మకానికి తెచ్చారు. 1960ల ఆరంభంలో జపానువారు దానిని సన్ననిపోగుల పాళీగల కలంగా మార్చారు. మన బడిపిల్లలు స్కెచ్ పెన్ను అని పిలిచేది దాని సంతానమే. దీపపు వత్తి నూనెను పీల్చినట్లు పాళీ సిరాను పీల్చి, కాగితం తాకగానే విడుస్తుంది. ఈ కిటుకు కొత్తదని విదేశీయులు అనుకోవచ్చు గాని, చిత్తూరు సీమవారు అనుకోనక్కరలేదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు వెదురుపుల్ల మొనకు పైగా ఉన్ని చుట్టి, దారంతో బిగించి కలం చేస్తారు. పాత ఇనుము, బెల్లం నీటిలో ఊరవేసి తీసిన నల్లరంగును ఆ ఉన్ని పీల్చుకొంటుంది. వేళ్లతో నొక్కినకొద్దీ మొనకు దిగుతుంది. అంతకుముందు బట్టమీద తొలి రూపురేఖ గీసేది కాల్చిన చింతపుల్ల బొగ్గుతో. బొగ్గు, ఆపైన ఉన్నికలం: నేటి కళాశాల విద్యార్థి బొగ్గూ మార్కరూ కలిపి వేసే బొమ్మకు, ఆలయపు తెరమీది రామాయణ దృశ్యానికి పనిముట్ల వరస ఒకటే. ఉద్దేశాలు వేరు. కలంకారీ గీతకు తొట్రుపాటు దోషం. అభివ్యక్తివాదికి తొట్రుపాటే సొత్తు.

మన ప్రాంతపు చిత్రకారులలో ఈ నలుపు ఛాయలు లేకపోలేదు. కరవు, క్విట్ ఇండియా ఉద్యమం నాటి రోజులలో శాంతినికేతనంలో చదువుకొన్న చిత్తూరు జిల్లా వారు కృష్ణారెడ్డి తరువాత పారిస్‌లో లోహఫలక ముద్రణకు కొత్త మార్గం చూపి ప్రపంచప్రసిద్ధులైనారు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మాగౌడ్ హైదరాబాదులో చదివి, బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ శిష్యరికం చేసి తిరిగివచ్చి, 1970ల ఆరంభంలో కలం, సిరాలతో వేసిన చిత్రాలలో పల్లె మనుషులు, మేకలు, ముళ్లచెట్లు, కామం ఒకే దేహంగా పెనవేసుకొని ఉంటాయి. అవి చూచి ముక్కుమీద వేలు వేసుకొన్నవారు ఉన్నారు. పల్లెను పచ్చనిపైరుగా తప్ప చూడని పట్టణపు కంటికి అవి కొరుకుడుపడకపోవడంలో వింత లేదు. తోట వైకుంఠం అనగానే నేడు పసుపు పూసుకొని పెద్దబొట్టు పెట్టుకొన్న తెలంగాణ స్త్రీ కళ్లముందు నిలుస్తుంది. ఆ నిండురంగులకు ముందు ఆయన చేతిలో ఉన్నది బొగ్గు. ఇక పత్రికలకు, కవితాసంకలనాలకు చంద్ర, మోహన్ వేసిన నల్లబొమ్మలు చిత్రశాల గడప తొక్కని లక్షలాది తెలుగు పాఠకులకు ఈ గీతను ఇంటింటా పరిచయం చేశాయి. వాటిలో అనేకం పత్రికతోపాటే పాతకాగితాల దుకాణానికి పోయాయి.

ఆ పోవడం గురించి చెప్పక తప్పదు. ఈ బొమ్మల ఆయుర్దాయం వాటి సామగ్రిలోనే రాసి ఉన్నది. బొగ్గు, మసిసిరా అంటే ఉత్త కర్బనం. ఎన్ని ఏళ్లు గడచినా వెలిసిపోదు. కాని బొగ్గుకు జిగురు లేదు. లక్కను స్పిరిటులో కరిగించి పలచగా చిమ్మి నిలుపకపోతే చేయి తగిలినా రాలిపోతుంది. జైనుల్ సిరా నేటికీ నల్లగానే ఉన్నది; అది పట్టుకొన్న చుట్టుకాగితమే ఆమ్లం వలన గోధుమవన్నెకు తిరిగి, అంచులు పెళుసుబారుతున్నది. మార్కరు సంగతి దీనికి సరిగ్గా విపర్యయం. కాగితం శ్రేష్ఠమైనదే ఉండవచ్చు, దానిమీది రంగు మాత్రం వెలుతురుకు ఓర్వలేని అద్దకపు రంగు. గోడకు తగిలించిన కొన్నేళ్లకే నలుపు ఊదాగా, ఊదా గోధుమగా, చివరకు ఆనవాలుగా మారుతుంది. అందుకే సంగ్రహాలయాలలో కాగితపు చిత్రాలకు 50 లక్సులకు మించి వెలుతురు పడనివ్వరు, కొన్ని నెలలకొకసారి వాటిని చీకటిలో పెట్టి విశ్రాంతినిస్తారు. వర్ణద్రవ్యంతో చేసిన నిలకడగల మార్కర్లు ఇప్పుడు దొరుకుతున్నాయి, ధర ఎక్కువ. అంగడిలో ఏది చవక అయితే అది కొనే విద్యార్థికి ఈ తేడా చెప్పే అధ్యాపకులు ఎందరున్నారో సందేహమే. తొంభై, ఎనభై ఏళ్లనాటి ఆకలి బొమ్మ మనకు దక్కి, ముప్పై ఏళ్లనాటి మార్కరు బొమ్మ మనకు దక్కకుండా పోయే పరిస్థితి కళ్లెదుటే ఉన్నది.

చిత్తప్రసాద్ తరువాతి జీవితం బొంబాయి అంధేరీలోని చిన్న నివాసంలో గడిచింది. 1948 తరువాత పార్టీకి దూరమయ్యారు. లినోలియం పలకలు చెక్కారు, పిల్లలకోసం కీలుబొమ్మలు, కథలు చేశారు. శ్రమచేసే పిల్లలను గురించి ఒక లినో చిత్రమాల వేశారు. అమ్ముకోవడం ఆయనకు చేతకాలేదు, 1978లో మరణించారు. 1943 నాటి ఆయన బొమ్మలు నేడు వేలంశాలలలో పెద్ద ధరలు పలుకుతున్నాయి. యథాతథ ముద్రణలో ఆ పుస్తకం తెరిస్తే గీతలు కొంత ముద్దగా, అక్షరాలు కొంత అలుక్కుపోయి ఉంటాయి – నాటి చవక కాగితం, నాటి చవక అచ్చు. అయినా బొమ్మలలోని మనుషుల పేర్లు, వారి ఊళ్లు మాత్రం చదవడానికి వస్తాయి.